చక్రాల కౌంటరు

మేనేజరు నోట్లోంచి ఏలక్కాయ తొక్క తీసి ఆమె కోతబల్ల అంచున పెట్టాడు. ఎవరో వేరేవాళ్లు పెట్టిపోయినట్టు మళ్లీ దాని వంక చూడకుండా, ఈ మూడింటిలో ఏది తొందరగా ఆరుతుందని అడిగాడు.

మూడూ జిగురు సీసాలు. పైన ద్రవ సిమెంటు అని రాసి ఉంటుంది గానీ వర్క్‌షాపు నడిపే బాబాయీ ఆమే జిగురనే అంటారు. ఒక్కో సీసా మూతకూ లోపలి వైపు సన్నటి కుంచె ఉంటుంది. ఆమె తొక్కను కాగితం ముక్కతో పట్టుకుని చెత్తబుట్టలో వేసి, చెయ్యి తుడుచుకుని, తెల్ల ప్లాస్టిక్ పట్టీలు కొన్ని కోసింది.

మొదటి సీసాలోది చిక్కన. రాసి ఆనించాక చాలాసేపు జారుతూనే ఉంటుంది. బాబాయి ఇన్నేళ్లూ దానితోనే పనిచేస్తూ వచ్చాడు. తప్పు పోతే జరుపుకోవచ్చు, అది మనిషిని తొందరపెట్టదు అంటాడు. రెండోది ఘాటు లేనిది, నిమ్మతొక్క వాసన వేస్తుంది, పట్టు రావడానికి మాత్రం మహా బద్ధకం. మూడోది నీళ్లలా పలచన. దాన్ని ముందుగా రాయడమంటూ ఉండదు. ముక్కలు రెండూ ఆనించి పట్టుకుని కుంచె కొసను సందుకు తాకిస్తే చాలు, తనే సందు పొడుగునా పరుగు తీస్తుంది. ప్లాస్టిక్ అంచులను కరిగించి ఒకదానిలో ఒకటి కలిపేసి తను ఆవిరైపోతుంది. ఆమె కుంచె తాకించి, కాసేపు కదలకుండా పట్టుకుని, పట్టీలను మేనేజరు చేతికిచ్చింది. ఆయన బలం కొద్దీ లాగాడు. పట్టీ విరిగింది గానీ అతుకు దగ్గర కాదు, పక్కన.

"ఇదే," అన్నాడాయన, కనిపెట్టింది తనే అయినట్టు.

దాని చురుకుతో పాటు దురుసుతనం కూడా చెప్పాలని ఆమె అనుకుంది. వేలు సందు మీద ఉంటే వేలి గీతలతో సహా ప్లాస్టిక్ మీద అచ్చు పడుతుంది. కిటికీ అద్దాల దగ్గర వాడితే అద్దం మసకబారుతుంది. ఒకసారి పట్టాక ఇక దిద్దుకోవడం ఉండదు. మేనేజరు సగంలోనే చెయ్యి ఊపాడు. శుక్రవారం విచారణ, గురువారం సాయంత్రానికి లాంచీ తయారై ఉండాలి, మిగతా తలనొప్పులు మీవి అన్నాడు. ఈ జిగురుతో తలనొప్పి నిజంగానే వస్తుందండీ అన్నాడు బాబాయి. ఇద్దరూ కలిసి నవ్వారు.

అసలు లాంచీ మునిగి ఏడాది కాలేదు. కింది గదిలో కూర్చున్నవాళ్లలో బయటపడ్డవాళ్లు బహు తక్కువ. నీళ్లు ముందు వైపు నుంచి వచ్చాయి. అందరూ వెనక తలుపు వైపు పరిగెత్తారు. వెనక తలుపుకు అడ్డంగా టీ కౌంటరు ఉంది. పైకి తీసిన ఇనుమునంతా విచారణ మొదలయ్యేలోపే మేనేజరు పనిచేసే లాంచీ కంపెనీ తుక్కు కింద అమ్మేసింది. కళ్లతో చూడ్డానికి ఏమీ మిగల్లేదు గనక ఒక మోడల్ చేయించి తెమ్మని విచారణ జరుపుతున్న జడ్జి కంపెనీని ఆదేశించాడు. ఊళ్లో ఆ పని చేసేది బాబాయి ఒక్కడే, ఆయన పక్కన కూర్చుని చేసేది ఆమె.

మేనేజరు ప్లాను కాగితం పరిచి గోడలు, బెంచీలు, మెట్లు ఒక్కొక్కటే వేలితో చూపించాడు. అన్నీ గట్టిగా అతికించమన్నాడు. వేలు టీ కౌంటరు దగ్గర ఆగింది.

"దీన్ని మాత్రం అతికించొద్దు. కింద నాలుగు చిన్న చక్రాలు పెట్టండి. ఇలా తోస్తే అలా పక్కకి పోవాలి."

ఆమె కాగితం మీదికి వంగి చూసింది. ప్లానులో కౌంటరు ఒక ఖాళీ పెట్టెలా గీసి ఉంది, అంతే. చక్రాలు లేవు.

"దానికి చక్రాలు ఉండేవి కాదండీ," అంది.

మేనేజరు జవాబు బాబాయికి చెప్పాడు. కౌంటరు టీ అమ్మేవాడి సొంతమట. లాంచీ బయల్దేరే ముందు దాన్ని పక్కకు నెట్టుకోవాలన్న షరతు మీదే కంపెనీ చోటిచ్చిందట. వాడు నెట్టలేదు. చిన్నపిల్ల తోసినా జరిగేదాన్ని వాడు జరపలేదు, ఇంతమంది ప్రాణాలు పోయాయి. వాడూ అందులోనే పోయాడు గనక ఇప్పుడెవరం ఏమంటాం, పాపం, అన్నాడు. పాపం అంటూనే డబ్బీలోంచి ఇంకో ఏలక్కాయ తీసి నోట్లో వేసుకున్నాడు.

అవతలి ఒడ్డున ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆమె రోజూ ఎక్కింది ఆ లాంచీయే. ఆ కౌంటరు ఇనపది, కాళ్లు నాలుగూ నేలకు బోల్టులతో బిగించి ఉండేవి. ప్లాస్టిక్ రేకులు కొనడానికి వెళ్లినప్పుడల్లా బాబాయి కూడా అక్కడే టీ తాగేవాడు. ఆయన ఏమంటాడోనని ఆమె చూసింది. బాబాయి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని, ప్లాను మడతపెట్టి, "అలాగేనండి," అన్నాడు.

*

మూడు రోజులూ వర్క్‌షాపు కిటికీలు బార్లా తెరిచే ఉంచారు. అయినా ఆ జిగురు వాసన గొంతులో తిష్ట వేసుకుంది. ఇల్లంతా గోళ్ల రంగు కొట్టులా తగలడిందని పిన్ని గుమ్మం అవతలి నుంచే అన్నం గిన్నెలు అందించి ముక్కు మూసుకుని వెళ్లిపోయేది.

పని మాత్రం ముచ్చటగా సాగింది. బాబాయి రేకుల్ని వేడినీళ్లలో వంచి లాంచీ పొట్ట తయారుచేస్తే ఆమె లోపలి పక్కటెముకలు నిలబెట్టింది. పట్టకారుతో ముక్కను పట్టుకోవడం, కుంచె కొసను సీసా అంచుకు ఆనించి ఎక్కువైనదాన్ని వదిలించడం, సందుకు తాకించడం, జిగురు మెరుస్తూ పరుగెత్తి మాయమైపోవడం. వేళ్లు సందుకు దూరంగా ఉంచింది. కిటికీ అద్దాలకు మామూలు తెల్ల జిగురు వాడింది. రెయిలింగు కమ్మీలు వెంట్రుకల్లాంటివి, ఒక్కొక్కటి నిలబెట్టేసరికి ఆమె మెడ పట్టేసేది. ఈ కొత్త జిగురు లేకపోతే గురువారానికి సగం కూడా అయ్యేది కాదని బాబాయి ఒప్పుకున్నాడు. ఆయన చేతులు ఈమధ్య కొంచెం వణుకుతున్నాయి, అందుకే దాని జోలికి పోకుండా ఉప్పుకాగితం పనీ రంగు పనీ చూసుకున్నాడు.

మేనేజరు రోజూ వచ్చేవాడు. ఆయన వచ్చి వెళ్లాక బల్ల మీద తొక్కలు ఏరడం ఆమె పని అయింది. ఒకటి రంగు ఆరని డెక్కు మీద అంటుకుపోయి ఉంటే సూదితో లేపింది. ఆయన పళ్ల గుర్తులు తొక్క మీద కనిపిస్తున్నాయి. ఆమె సూదిని కాగితంతో రెండుసార్లు తుడిచింది. తన అసహ్యం తొక్క వల్లే కాదని ఆమెకు తెలుసు. బాబాయి ఆయనకు కుర్చీ తుడిచి వేసేవాడు. ఆయన చెప్పిన ప్రతి ముక్కకూ నవ్వేవాడు. ఆ నవ్వు ఆమె ఇదివరకెప్పుడూ వినలేదు. పళ్లు బయటపడేవి గానీ కళ్లు నవ్వేవి కావు. ఒకసారి మేనేజరు మెచ్చుకోలుగా బాబాయి వీపు తట్టాడు. తట్టించుకుంటూ బాబాయి తల వంచాడు. ఆమె లేచి వెళ్లి, మురికి లేని చేతులు కడుక్కుంది.

బుధవారం మధ్యాహ్నం కౌంటరు వంతు వచ్చింది. పెట్టె కట్టడం ఎంతసేపూ పట్టలేదు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

"నువ్వూ అక్కడ టీ తాగావు కదా బాబాయ్," అంది.

"తాగాను."

"దానికి చక్రాలున్నాయా?"

ఆయన చిమ్నీ గొట్టాన్ని ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు. చేయించుకునేవాళ్లు చెప్పినట్టు చెయ్యడమే మన పని అన్నాడు. ప్లానులో కూడా లేవు కదా అని ఆమె అంది. ఆయన పొడి ఊదేశాడు. గొట్టాన్ని వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అతికించు అమ్మాయ్," అన్నాడు.

మిగిలిపోయిన ముక్కల డబ్బాలో ఏదో బొమ్మ బండి చక్రాలు దొరికాయి. ఆమె వాటిని ఇంకా చిన్నవిగా అరగదీసింది. సన్నటి ఇరుసులు పెట్టింది. ఇరుసు కొసలకు జిగురు తాకించేటప్పుడు చక్రంలోకి పాకితే అది తిరగదు, అందుకని కుంచెను దాదాపు పొడిగా చేసుకుని ఒక్క చుక్కలో సగం మాత్రమే తాకించింది. అయ్యాక కౌంటరును డెక్కు మీద పెట్టి గోరుతో తోసింది. అది చప్పుడు లేకుండా దొర్లుకుంటూ తలుపు పక్కకు పోయి ఆగింది. ఎంత బాగా కుదిరింది అనిపించింది ఆమెకు. అలా అనిపించినందుకు తన మీద తనకు పుట్టిన రోత, మేనేజరు మీద పుట్టినదానికంటే ఎక్కువ. లేని చక్రాలను ఉన్నట్టు చేసిన చేతులు తనవే, ఎవరో వచ్చి చేసిపోలేదు.

"నీ పక్కన కూర్చోవాలంటే ఒళ్లు జలదరిస్తోంది నాకు," అంది బాబాయితో.

ఆయన తలెత్తలేదు. "అయితే ఆ చివర కూర్చో. గాలి కూడా బాగా వస్తుంది," అన్నాడు.

ఆమె నిజంగానే కుర్చీ ఆ చివరకు లాక్కుపోయింది.

గురువారం సాయంత్రం మేనేజరు కంపెనీ లాయరును వెంటబెట్టుకొచ్చాడు. లాయరు పొడుగ్గా, ఇస్త్రీ నలగకుండా ఉన్నాడు, మెల్లగా మాట్లాడతాడు. లాంచీ చుట్టూ ఒకసారి తిరిగి, భలే చేశారండీ, ఎక్కి కూర్చోవాలనిపిస్తోంది అన్నాడు. జేబులోంచి పెన్సిలు తీసి దాని కొసతో కౌంటరును తోశాడు. అది పక్కకు దొర్లింది. వెనక్కి లాగి మళ్లీ తోశాడు. రేపు ఆ ఒక్క నిమిషం కోసమే ఇదంతా అన్నాడు మేనేజరుతో. జడ్జిగారి ముందు ఏమీ మాట్లాడకుండా ఇలా తోసి వదిలేస్తాడట, మాటలకంటే అది ఎక్కువ పనిచేస్తుందట. మేనేజరు కూడా ముచ్చటపడి వేలితో తోశాడు. తోసి, లాగి, మళ్లీ తోశాడు. అందులో మునిగినవాళ్ల గదిలో ఆయన లావుపాటి వేలు అటూ ఇటూ తిరుగుతుంటే ఆమె చూడలేక కిటికీ వైపు తిరిగింది.

వాళ్లు వెళ్లాక బాబాయి గుడ్డతో బల్ల తుడుస్తుంటే, ఆమె మూడో సీసాను చేతిసంచీలో వేసుకుంది. చిన్న గీకుడు కత్తిని కూడా కాగితంలో చుట్టి పెట్టుకుంది. రంగు వేసిన చోట జిగురు పట్టదు, ముందు గీకాలి.

*

విచారణ జరిగే హాలు పాత సర్కారు భవనంలో మేడమీద ఉంది. పొద్దున్నే కంపెనీ వ్యాను వచ్చి లాంచీనీ బాబాయినీ తీసుకెళ్లిపోయింది. ఆమె బస్సులో వెళ్లింది. ఆమె చేరేసరికి లాంచీ మధ్య బల్ల మీద తెల్లగుడ్డ కప్పుకుని ఉంది. గుమాస్తా కాగితాలు సర్దుకుంటున్నాడు. లాయరు, మేనేజరు వరండాలో ఎవరితోనో మాట్లాడుతున్నారు. ముందు బెంచీలో టీ అమ్మే ఆయన భార్య ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెకు రెండు వైపులా చోటు ఖాళీగా ఉంది, ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు.

దుమ్ము తుడవాలని గుమాస్తాకు చెప్పి ఆమె బల్ల దగ్గరికి వెళ్లింది. చేతిసంచీలో సీసా మూత వదులు చేసుకుంది. వెనక వైపు గుడ్డనూ, దాని కింద ఊడివచ్చే పైకప్పునూ కొంచెం ఎత్తింది. చక్రాల కింద డెక్కు మీద నాలుగు చోట్ల గీకితే చాలు, నాలుగు తాకింపులు. కౌంటరును జరిపి గీకుదామని వేలితో తోసింది.

అది కదల్లేదు.

రంగుకు అంటుకుందేమో అనుకుని ఇంకొంచెం గట్టిగా తోసింది. వంగి చూసింది. చక్రాల చుట్టూ బూడిదరంగు డెక్కు మీద సన్నగా గీకిన గుర్తులు, వాటి నడుమ కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్ మెరుపు. పని చక్కగా లేదు. ఒకచోట జిగురు ఎక్కువై పక్కకు పారింది. పారినచోట ఒక బొటనవేలి గీతలు అచ్చుపడి ఉన్నాయి. వణికే చెయ్యి చేసిన పని.

ఆమె పైకప్పూ గుడ్డా దించి చుట్టూ చూసింది. బాబాయి గోడ దగ్గర నిలబడి, అంటించి ఉన్న నోటీసొకదాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నవాడిలా చదువుతున్నాడు.

ఆమె వెళ్లి పక్కన నిలబడింది. ఎప్పుడు చేశావని అడిగింది. వ్యాను రాకముందు అన్నాడు. షాపులో ఆ జిగురుదే ఇంకో సీసా ఉందిగా, ఒకటి మాయమైందని అప్పుడే చూశాను అన్నాడు. బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వే చేస్తానంటావు." నోటీసు మీంచి చూపు తిప్పకుండానే ఇంకో మాట అన్నాడు. "మొన్న ప్లాను సంతకానికని ఇక్కడికొచ్చినప్పుడు ఆవిడ ఆ బెంచీ మీదే ఉంది. నన్ను గుర్తుపట్టి బాగున్నారా అంది. ఇంకేం అడగలేదు."

గుమాస్తా అందర్నీ కూర్చోమన్నాడు. జడ్జి వచ్చాడు. ముసలాయన, చెవిలో మిషను పెట్టుకున్నాడు. గుడ్డ తీయగానే హాలంతా మెడలు చాచింది. వెనక ఎవరో స్త్రీ ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది. లాయరు కింది గది పైకప్పును ఎత్తి పక్కన పెట్టాడు. కాసేపు మెట్లు, బెంచీలు, తలుపులు చూపించాడు. నీళ్లలో చీకట్లో ప్రాణభయంతో కొట్టుకుని బయటపడ్డవాళ్లు కౌంటరుకు బోల్టులు చూశామంటే నమ్మలేమన్నాడు. అప్పుడు మాట ఆపి, పెన్సిలు తీసి, జడ్జి కళ్లలోకి చూస్తూనే కౌంటరును తోశాడు.

లాంచీ మొత్తం కదిలింది. బల్ల మీద బెత్తెడు పక్కకు జరిగింది. కౌంటరు మాత్రం తలుపుకు అడ్డంగా ఉన్నచోటే ఉంది.

లాయరు ఈసారి లాంచీని ఒక చేత్తో పట్టుకుని తోశాడు. పెన్సిలు మొన విరిగింది. వెనక బెంచీలో ఒకడు కిసుక్కున నవ్వి, వెంటనే ఊరుకున్నాడు. మేనేజరు ఏలక్కాయ నమలడం ఆపేశాడు.

తయారుచేసినవాళ్ల పొరపాటండీ, జిగురు కారి అంటుకుపోయింది, సరిచేయించి మళ్లీ తెస్తాం అన్నాడు లాయరు. జడ్జి లేచి వచ్చి తన వేలితో తోసి చూశాడు. చేసినవాళ్లెవరని అడిగాడు. బాబాయి లేచాడు.

"జిగురు పొరపాటున కారిందా?"

అవునంటే అయిపోయేది. మేనేజరు బాబాయి వైపే చూస్తున్నాడు, చూస్తూ చిన్నగా తల కూడా ఊపాడు, పిల్లాడికి జవాబు అందిస్తున్నట్టు.

"లేదండి. అతికించడం పొరపాటు కాదండి," అన్నాడు బాబాయి. "చక్రాలు పెట్టడమే పొరపాటు. అక్కడ చక్రాల్లేవండి. పెట్టమన్నారు, పెట్టాం."

లాయరు అడ్డుపడి, ఈయన సాక్షి కాదన్నాడు. జడ్జి ఆయన్ను కూర్చోమని చెయ్యి ఊపి, ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని బాబాయిని అడిగాడు.

"భయపడ్డానండి," అన్నాడు బాబాయి.

మోడల్‌ను ఉన్నది ఉన్నట్టు ఆఫీసులోనే ఉంచమనీ, చేసినాయన వాంగ్మూలం ఇప్పుడే తీసుకోమనీ జడ్జి చెప్పాడు. వాయిదా వేసి లేచాడు. సరిచేయడానికి దాన్ని తిరిగి ఇప్పించమని లాయరు అడిగితే అక్కర్లేదన్నాడు. మేనేజరు బెంచీల మధ్య నుంచి వస్తూ బాబాయి దగ్గర ఆగాడు. ఊళ్లో ఇక నీకు పనెవడిస్తాడో చూస్తాను అన్నాడు, ఎంతో మర్యాదగా, చిరునవ్వు చెదరనివ్వకుండా. ఏలకుల వాసన గుప్పున కొట్టింది. ఆమె మొహం తిప్పుకోలేదు. ఆయన దాటిపోయేదాకా ఆ మొహం వంకే చూస్తూ నిలబడింది.

గుమాస్తా బల్ల ముందు ఒకే కుర్చీ ఉంది. బాబాయి అందులో కూర్చుని పేరూ పనీ చెప్పి, తను చూసింది చెప్పాడు. నెలకోసారి వెళ్లేవాణ్ణి, నిలబడి టీ తాగేవాణ్ణి, కాళ్లు నేలకు బిగించి ఉండేవి. లాయరు పక్కనే నిలబడి అంతా విన్నాడు. మీ వయసెంత, కళ్లజోడు ఎప్పట్నుంచి, నెలకోసారి టీ తాగుతూ నేల వైపు ఎందుకు చూశారు అని మెత్తగా అడిగాడు. బాబాయి తడబడ్డాడు. చూశానండీ, ఎందుకో చూశాను అన్నాడు. గుమాస్తా అదీ రాసుకున్నాడు. కాగితం మీద అది ఎంత పేలవంగా ఉంటుందో ఆమెకు అర్థమైంది. లాయరు కూడా అర్థమైనట్టే కలం మూత పెట్టుకున్నాడు.

బాబాయి సంతకం చేసి లేచాడు. గుమాస్తా ఫైలు మూయబోతుంటే ఆమె, నాదీ రాసుకోండి అంది.

మీకేం తెలుసని అడిగాడు గుమాస్తా. నాలుగేళ్లు రోజూ ఎక్కానని చెప్పింది. కౌంటరు బిగించి ఉందని ఎలా చెప్పగలరు అన్నాడు లాయరు, ఇంకా మెత్తగా.

అడిగాకే ఆమెకు ఒక్కొక్కటీ గుర్తుకు రాసాగింది.

"లాంచీ ఊగినప్పుడల్లా అందరం దాన్నే పట్టుకునేవాళ్లం. చక్రాలుంటే పట్టుకుంటామా?" అంది. "ఒకసారి ఒక కాలు బోల్టు వదులై కౌంటరు గడగడలాడింది. మర్నాడు కంపెనీ మెకానిక్కు వచ్చాడు, చొక్కా మీద కంపెనీ గుర్తుంది. నన్ను కాస్త కాళ్లు తీయమని, అక్కడే కూర్చుని కొత్త బోల్టు బిగించాడు. దారికి అడ్డంగా ఉంది, పనిలో పని ఊడదీసి పక్కకి పెట్టండి బాబూ అని టీ ఆయన అడిగాడు. పైవాళ్లు బిగించమన్నారు, నేను బిగిస్తున్నాను అన్నాడు వాడు."

లాయరు కలం మూత మళ్లీ తీశాడు. ముందు బెంచీలోని ఆవిడ ఎప్పుడు లేచి వచ్చిందో, బాబాయి పక్కన నిలబడి వింటోంది.

గుమాస్తా రాయడం పూర్తిచేసి, ఇంకేమైనా ఉందా అని అడిగాడు.

"ఉంది," అంటూ ఆమె కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది.